ఆవగింజ తక్కువ

పలమనేరులో నా అంగడికి బోర్డు లేదు.
పోలీసు స్టేషన్‌కు తెలుసు,
లైసెన్సు ఉండే పదకొండు మందికి తెలుసు,
చాలు.

నంజుండప్ప ఆ పెద్ద రైఫిలు తెచ్చి పెడితే
బల్ల కుయ్యిమనింది.
దొరల కాలంనాటిది. గొట్టంలో నా చిటికెన వేలు
గోరు దాటి దిగుతుంది.
"ఆచారీ, దీని కోపం కొంచెం తగ్గించాల" అన్నాడు.
చొక్కా గుండీ విప్పి కుడి భుజం చూపించినాడు:
లోపల స్టీలు ప్లేటు, పైన జెర్రి మాదిరి కుట్టు,
వేలూరు డాక్టరు పెట్టిన ఆంక్షలు.

"అమ్మేయరాదా అన్నా?"
"నీ సుత్తి అమ్ముతావా?"
మళ్ళీ అడగలేదు.

మందు అనే మాటకు మా ఇంట్లో మూడు పనులు.
తాగేది ఒకటి, మింగేది ఒకటి, పేల్చేది ఒకటి.
మూడింటికీ కొలతే ప్రాణమని
మా నాయన చెప్తా ఉండె.
మొదటిదాని కొలత
ఆయనకే చిక్కలేదు.

బెల్లం మండీ తక్కెళ్లు దీనికి పనికిరావు.
పక్కింటి షరాబు దగ్గర త్రాసు అడుక్కొచ్చి
ఫ్యాను ఆపి, కిటికీ మూసి,
చెమట కనుబొమ్మ దాటకుండా తుడుచుకుంటా
ఆవగింజంత తీస్తిని, నోటుబుక్కులో గీత పెడితిని.
ఇంకో ఆవగింజ. ఇంకో గీత.

అంత పెద్ద గుల్లలో అంత కొంచెం మందు,
కల్యాణ మండపంలో ఇద్దరే చుట్టాల మాదిరి.
ఎక్కడ కూర్చుంటారో తెలీదు.
ముందుకు దొర్లుతుంది, వెనక్కి దొర్లుతుంది,
నిప్పు వెతికే చోట మాత్రం ఉండదు.
అందుకే, గొట్టం ఆకాశానికెత్తి
ముసలాయనకు దండం పెట్టినట్టు
నిదానంగా దించమని చెప్పినా.

ఆదివారం. కూలీలు రాని రాళ్ల క్వారీ.
అవతల గట్టుకు ఆనించి ఓటి కుండ.
మొదటి దెబ్బకు కుండ పోయింది,
నంజుండప్ప పండ్లు కొరుక్కున్నాడు.
రెండో దెబ్బకు ఇంకో కుండ.
ఈసారి భుజం తడుముకోలేదు.
"ఎవరో పలకరించినట్టుంది రా" అని నవ్వినాడు,
దవడల్లో ఇరవై ఏళ్లు రాలిపోయినాయి.

ఇంకొంచెం తగ్గిద్దామా అనింది నేనే.
ఆయన కాదు.
ఇది కూడా ఆ నోటుబుక్కులోనే ఉంది.

మూడోది
తుస్సుమనింది.
కుండ కుండ మాదిరే ఉండాది.
గట్టు మీద దుమ్ము లేదు.
ఆయన ఖాళీ గుల్ల తీసి పారేసి
ఇంకోటి లోపలికి తోసి
చెంప ఆనిస్తా ఉండాడు.

"ఆపన్నా!"

నా అరుపు క్వారీలో నాలుగు గోడలకు కొట్టుకొని
మళ్ళీ మాకే వచ్చింది.
పిట్టలు లేచినాయి. ఆయన వేలు లేచింది.
తూటా బయటికి తీసి, వెనక నించి కన్ను పెట్టి చూస్తే
గొట్టం ఆ కొసన వెలుతురు లేదు.
సగం దారిలో సీసం కూర్చోనుంది,
బయటికి పోయేంత బలమూ లేదు,
వెనక్కి వచ్చే దారీ లేదు.
దాని వెనక ఇంకోటి పేలుంటే
ఇది చెప్పేదానికి నాకు నోరు ఉండదు.

వచ్చేటప్పుడు రాగి చేన్ల పక్కన
ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడలేదు.
అంగట్లో ఇత్తడి కడ్డీ పెట్టి, గుడ్డ చుట్టి,
రాత్రి తొమ్మిది దాకా తట్టినా.
అరచేతిలో పడింది, రేగ్గాయ కంటే కొంచెం పెద్దది,
ఒళ్లంతా గొట్టం మెలికల గీతలు.
నోటుబుక్కులో రెండో దెబ్బ కింద
ఎర్ర సిరాతో అడ్డంగా గీసేసినా.
దాని కిందికి పోను,
దేవుడొచ్చి అడిగినా పోను.

ఆ సీసం ముద్ద నాకీ అని తీసుకున్నాడు నంజుండప్ప.
మాత్రల డబ్బాలో పెట్టుకున్నాడంట, సాకమ్మక్క చెప్పింది.
పొద్దున్నే బీపీ మాత్ర సగానికి విరిచే ముందు
దాన్ని తీసి
కిటికీ దగ్గర పెడతాడంట.